టిచ్‌మని పలకాలి

మొన్నొక సాయంత్రం మా మనవరాలు సెల్‌ఫోను పట్టుకొచ్చి, మంచం మీద నా పక్కన చతికిలబడి, వీటిలో ఏది కొనమంటావో చెప్పవ్వా అని అడిగింది. ఏ చీరో, ఏ గాజులో అనుకుని కళ్ళజోడు సర్దుకుని చూద్దును గదా, తోలుకు బటన్లూ రివెట్లూ బిగించే చేతి ప్రెస్సులు! ఒకటి ఎర్రది, ఒకటి నీలం, ఒకటి నల్లటిది, వేలితో నెట్టేకొద్దీ ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒక్కోదాని కింద ఇన్ని నక్షత్రాలు, ఆ నక్షత్రాల కింద ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాసిన మెప్పులూ తిట్లూను. ఈ పిల్ల చదివింది కంప్యూటరు చదువు. చేస్తున్నది మాత్రం ఈ తిరుపతి ఇంట్లో కూర్చుని తోలు పర్సులూ బెల్టులూ కుట్టి ఫోనులోనే అమ్మడం. మా అల్లుడికి అది కొంచెం నామోషీ. నాకైతే లోలోపల ఎంత గర్వమో చెప్పలేను, పైకి మాత్రం అల్లుడి ముందు ఏమీ అనను.

అది పలుకుతుందా అని అడిగాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. స్నాప్ అవ్వా, బటన్, అదేం పలుకుతుంది అని నవ్వింది. వీళ్ళకది స్నాప్. మన కాలంలో టిచ్ బటన్. రవికెలకు కుట్టుకునే చిన్నవాటి మాట కాదు నేను చెప్పేది, తోలు సంచులకు బిగించే లావుపాటి వాటి సంగతి. మూస్తే ఏ శబ్దం వస్తుందో అదే దాని పేరు, అంతకన్నా తగిన పేరు ఎవరు పెట్టగలరు? నా పోరు పడలేక ఆ పిల్ల ఒక వీడియో వెతికి, ఫోను నా చెవి దగ్గర పెట్టింది. అందులో ఎవరిదో చేయి ప్రెస్సు పిడి కిందికి లాగింది, బటన్ బిగిసింది, ఆ చేయి దాన్ని తెరిచి మూసింది. వినపడిందా అవ్వా అంటే తల ఊపాను. ఆ తల ఊపడం సంగతి చివర్లో చెబుతాను. ముందు మా నాయన సంగతి చెప్పందే అది మీకు అర్థం కాదు.

మాది చిత్తూరు, చర్చి వెనక వీధి. ఇంటి ముందు గదే నాయన పని గది. చెప్పులు కుట్టేవాడు, ఎద్దుల మెడకు గంటల పట్టీలు చేసేవాడు, కానీ ఆయనకు పేరు తెచ్చినవి కండక్టర్ల సంచులు. కండక్టరు సంచి అంటే మన ఈడువాళ్ళకు చెప్పాలా? చంకన వేలాడుతూ, అరల మీద అరలతో, చిల్లరకో మూత, నోట్లకో మూత, తీసి వేసినప్పుడల్లా టిచ్ టిచ్‌మంటూ ఉండేది. ఆ శబ్దం దగ్గరపడే కొద్దీ టికెట్టు తీసుకోని పెద్దమనుషులు కిటికీలోంచి కొండలను చూడటం మొదలుపెట్టేవాళ్ళు. ఊళ్ళో కొందరు మా గడప బయటే నిలబడి, లోపలికి కాలు పెట్టకుండా పని చెప్పి పోయేవాళ్ళు. కండక్టర్లు మాత్రం లోపలికొచ్చి, ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, సంచి భుజాన వేసుకుని అద్దంలో చూసుకుని మరీ వెళ్ళేవాళ్ళు.

నాయనకు ఒక అలవాటుండేది. సుత్తితో కొట్టి బటన్ బిగించాక దాన్ని కుడి చెవి దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి తెరిచి మూసేవాడు. సరిగ్గా కూర్చున్నదైతే టిచ్‌మని గట్టిగా, శుభ్రంగా శబ్దం వచ్చేది, పలికింది అనేవాడు. కాడ వంకరపోయినదో, తోలును సగం కరిచి సగం వదిలేసినదో అయితే శబ్దం బొంగురుపోయేది, దగ్గుతాండాది అని పీకి పారేసేవాడు. మా ఇంట్లో మంచికీ చెడ్డకూ ఈ రెండే మాటలు. నన్ను చూడటానికి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు అటు వెళ్ళగానే, పిల్లోడు ఎట్లుండాడని అమ్మ అడిగితే, దగ్గుతాండాడు అన్నాడు నాయన, అంతటితో ఆ సంబంధం సరి. ఆయన చెవి మీద మాకంత గురి. చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని తోలు కోసీ కుట్టీ, నాకూ ఆ రెండు శబ్దాల తేడా బాగా తెలిసిపోయింది. కానీ తీర్పు మాత్రం ఆయనదే, నేను ఎప్పుడూ నోరు మెదిపేదాన్ని కాదు.

మా చెల్లెలు నాకన్నా రెండేళ్ళు చిన్నది. పసితనంలో వచ్చిన జ్వరం పోలియో అయి, దాని కుడి కాలినీ ఎడమ చేతినీ తీసుకుపోయింది. కాలికి మిషన్ ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కట్టు, అటో ఇనప కడ్డీ ఇటో ఇనప కడ్డీ, వాటిని కాలికి పట్టి ఉంచే నాలుగు తోలు పట్టీలు. పట్టీలకు బకిల్సు ఉండేవి. బకిల్ బిగించాలంటే రెండు చేతులు కావాలి, దానికి పనిచేసేది ఒక్కటే. అందుకని రోజూ పొద్దున్నే అమ్మ నేల మీద కూర్చుని, దాని కాలు ఒళ్ళో పెట్టుకుని, నాలుగూ బిగించేది, రాత్రి పడుకునే ముందు మళ్ళీ విప్పేది. అట్లాగే అది బడికి పోయింది, కాలేజీకి పోయింది, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసింది. మా ఇంట్లో అంత చదివింది అదొక్కటే, నోటి దురుసులోనూ దాని తర్వాతే ఎవరైనా.

తిరుపతిలో ఒక ఆడపిల్లల బడి నుంచి, వచ్చి కనపడమని దానికి ఉత్తరం వచ్చింది. ఇల్లంతా పండగైపోయింది గానీ, అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. చివరికి ఒకటే అడిగింది.

"ఆడ నీకు పొద్దున్నే ఎవురుమే కడతారు?"

"నేనే కట్టుకుంటా," అంది చెల్లెలు. "నా కాలికి నేను కట్టుకోలేకపోతే నాకు ఉద్యోగం ఎందుకు?"

అన్నది గానీ ఎట్లా కట్టుకుంటుందో దానికీ తెలియదు. రెండు రోజులు ఆలోచించి నాయన చెప్పాడు, బకిల్సు తీసేసి టిచ్ బటన్లు పెడదామని. బొటనవేలితో నొక్కితే చాలు, ఒక్క చేత్తో పనైపోతుంది. ఆ మాట వినగానే దాని మొహం వెలిగిపోవడం నేను చూశాను. నాయన సంచుల పని పక్కన పెట్టి, మందపాటి తోలు తీసి, నాలుగు పట్టీలు కొత్తగా కోసి, సుత్తితో నాలుగు బటన్లూ బిగించి, అలవాటు చొప్పున ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాలుగూ పలికాయన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. మోకాలి పట్టీది బొంగురుగా వచ్చింది. నా చెవికి అది దగ్గినట్టే అనిపించింది. నాయన మొహం వైపు చూస్తే కళ్ళు మూసుకుని సన్నగా నవ్వుకుంటున్నాడు, ఆయన పలికిందంటే పలికినట్టే గదా, వీధిలో బండేదో పోతుంటే నాకే సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి గానీ, ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ ఊరుకోవడమే.

తిరుపతికి ముగ్గురం వెళ్ళాం, నాయన, చెల్లెలు, నేను. బస్టాండులో దిగేటప్పుడు చెల్లెలు బస్సు చివరి మెట్టు మీది నుంచి కట్టు ఉన్న కాలు కింద మోపింది. మోకాలి పట్టీ పటుక్కున ఊడింది. కాలు మడతపడి అది ముందుకు పడిపోయింది, అరచేతులు దోక్కుపోయాయి, చేతిలోని సర్టిఫికెట్లు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. గుండ్లు చేయించుకుని కొండ దిగి వస్తున్న యాత్రికులు నలుగురు పరుగెత్తుకొచ్చి వాటిని ఏరి ఇచ్చారు. అది ఏడవలేదు. దులుపుకుని లేచి కూర్చుని, నాయన వైపు తిరిగి ఒక్క మాటంది.

"పలికిందన్నావే నాయనా."

నాయన భుజం మీది తుండు తీసి దాని మోకాలికి గట్టిగా చుట్టి కట్టాడు. ఆ తుండు కట్టుతోనే బడికి వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే, సర్టిఫికెట్లన్నీ చూసి మెచ్చుకుంది. కానీ ఆవిడ కళ్ళు మాటిమాటికీ ఆ తుండు మీదికే పోయాయి. వచ్చే నెల మొదటి సోమవారం వచ్చి ఒక తరగతికి పాఠం చెప్పి చూపించమంది. నలభై నిమిషాలు నిలబడగలవా అమ్మా అని మెల్లిగా అడిగింది కూడా. నిలబడతానండీ అంది చెల్లెలు. ఇంటికొచ్చాక ఆ అరచేతులకు పసుపు అద్దుతూ అమ్మ తేల్చి చెప్పేసింది, ఇంకొక్కసారి పడిందంటే తిరుపతీ లేదు, ఉద్యోగమూ లేదు, నా బిడ్డ నా ఇంట్లోనే ఉంటుందని. అమ్మ అట్లా చెప్పిందంటే దేవుడు దిగొచ్చినా మారదు. చెల్లెలికి ఇక ఉన్నది ఆ ఒక్క సోమవారమే.

సుత్తితో ఇంతే, మందం తోలుకు ప్రెస్సు కావాల అన్నాడు నాయన. ఆ మాటలో నిజం లేకపోలేదు. సుత్తి దెబ్బ ఒక్కోసారి ఒక్కో పక్కకు పడుతుంది, ప్రెస్సు అయితే పిడి కిందికి లాగగానే పై అచ్చు నిలువునా దిగి కింది అచ్చు మీద కూర్చుంటుంది, మధ్యనున్న బటన్ నాలుగు వైపులా ఒకేలా తోలును కరుచుకుంటుంది. అవును నాయనా, సుత్తిదే తప్పు అని నేనూ వంత పాడాను. అట్లా అనుకుంటే నా మనసుకూ సుఖంగా ఉంది మరి.

అట్లాంటివి దొరికేది తమిళనాడు వైపు, తోళ్ళకు పేరుపడ్డ ఆంబూరులో. చిత్తూరు నుంచి వేలూరు, అక్కడ బస్సు మారితే ఆంబూరు. దారిలో కండక్టరు వచ్చి యాడికి అని నాయనను రెండుసార్లు అడిగాడు. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు. బెంగ పెట్టుకున్నాడు పాపం అనుకుని నేనే ఊరి పేరు చెప్పాను. కండక్టరు భుజాన ఉన్నది నాయన కుట్టిన సంచే, దాన్ని కూడా ఆయన గమనించలేదు.

ఆంబూరు గురించి చెప్పాలంటే ముందు వాసనే చెప్పాలి, బస్సు దిగీ దిగగానే పచ్చి తోలు వాసనా సున్నం వాసనా కలిసి ముక్కు పుటాలు అదరగొడతాయి. ఊరివాళ్ళకు అలవాటైపోయింది గానీ, తోలు ఇంట్లో పుట్టిన దాన్ని నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరలనిండా బకిల్సూ రివెట్లూ దారపు ఉండలూ ఉన్న ఒక అంగడికి వెళ్ళాం. అంగడాయన భారీ మనిషి, పక్కనే తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, నోట్లో ఎప్పుడూ ఒక కిళ్ళీ. చేతి ప్రెస్సులు ఆ రోజుకు ఆయన దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి నల్లది, పాత చెప్పుల ఫ్యాక్టరీ మూసేస్తే అక్కడి నుంచి వచ్చింది, పోత ఇనుము, ఇద్దరు పట్టి ఎత్తితే గానీ లేవదు. రెండోది పచ్చ రంగుది, కొత్తది, చిన్నది. నాయన చేయి తిన్నగా నల్లదాని మీదికి పోయింది. నాకూ అదే నచ్చింది, నిజం చెప్పొద్దూ. పచ్చది చూడటానికి పిల్లల ఆటబొమ్మలా ఉంది.

ఇంటి నుంచి మా పట్టీ తోలు ముక్కలూ కొన్ని బటన్లూ తెచ్చుకున్నాం. నాయన నల్లదానితో ఒకటి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని తెరిచి మూశాడు.

"పలికింది," అన్నాడు.

దగ్గింది. నేను విన్నాను. బయట లారీ ఏదీ లేదు, బండి ఏదీ లేదు, అంగడంతా నిశ్శబ్దంగా ఉంది. రెండోది బిగించాడు. అదీ దగ్గింది. అదీ పలికిందన్నాడు. ఆ తర్వాత పచ్చదానితో ఒకటి బిగించి మూస్తే టిచ్‌మని ఎంత శుభ్రంగా వచ్చిందంటే, అటు తిరిగి ఆకులకు సున్నం రాసుకుంటున్న అంగడాయన కూడా ఇటు చూశాడు. ఇదీ పలికింది అన్నాడు నాయన, అదే గొంతుతో, అదే సన్నటి నవ్వుతో.

అప్పుడు తెలిసింది నాకు. బస్సులో కండక్టరు రెండుసార్లు అడగడం, వంటింట్లోంచి అమ్మ పిలిచి పిలిచి విసుక్కోవడం, ఈమధ్య ఎవరు మాట్లాడినా నాయన వాళ్ళ పెదవుల వైపే చూస్తుండటం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నలభై ఏళ్ళు సుత్తి దెబ్బలు తిన్న చెవులు. నాయనకు వినపడటం లేదు. మోకాలి పట్టీ దగ్గినప్పుడూ వినపడలేదు. బస్టాండులో నా చెల్లెలు పడింది సుత్తి వల్ల కాదు, ఆయన చెవి వల్ల, ఆ చెవిని నమ్మి నోరు మూసుకున్న నా వల్ల.

అబద్ధం ఎందుకు, నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. నీకు వినపడటం లేదని నీకు తెలియదా, తెలిసీ బిడ్డ కాలికి బిగిస్తావా అని అక్కడే అరవాలనిపించింది. మరుక్షణం భయం పట్టుకుంది. ఆ అంగడాయన ముందు నేను ఆ మాట అంటే ఏమవుతుంది? చిత్తూరు నుంచి వేలూరు దాకా ఏ బస్సెక్కినా నాయన కుట్టిన సంచి కనపడుతుంది, చెవిటి మేస్త్రీ అన్న పేరు ఆ బస్సులెక్కే ఊరూరూ తిరుగుతుంది. అనకపోతే నా చెల్లెలు మళ్ళీ పడుతుంది, ఈసారి పడితే అమ్మ ఇక దాన్ని ఇల్లు దాటనివ్వదు. ఇంతలో నాయన నల్లదాని మీద చేయి వేసి, ఇది బరువుండాది, కదలదు, ఇదే కట్టప్పా అనేశాడు. అంగడాయన లోపలికి కేకేసి పురికొస తెప్పించాడు. దేవా, ఏదో ఒక దారి చూపించు అనుకున్నాను.

దారి ఆ తడిగుడ్డలో ఉంది. తోలుకు చిల్లులు పొడిచే పంచి కొనేటప్పుడు నాయన దాన్ని ముందు ఏదో ఒక ఆకు మీద కొట్టి చూసేవాడు. పదును ఒక పక్క తగ్గినా ఆకు చెప్పేస్తుంది, ఆకుకు మొహమాటం లేదు అనేవాడు. నాకు నేర్పిందీ ఆయనే. ఆయనకు నా మొహం బాగా కనపడేటట్టు ఎదురుగా వెళ్ళి నిలబడి, ఒక్కో మాటా నిదానంగా అన్నాను.

"నాయనా, పంచి కొనేటప్పుడు ఆకు మింద పెట్టి సూస్తావు గదా. దీనికీ పెట్టి సూద్దామా?"

"పలికిందని సెప్తా ఉండా గదమే," అన్నాడు, కొంచెం చిరాగ్గానే.

"ఒక్క ఆకే గదా నాయనా."

అంగడాయన నవ్వి, ఏమప్పా, నీ కూతురు నిన్ను మించిన మేస్త్రీ మాదిరి ఉండాదే అంటూ రెండు ఆకులు తీసి ఇచ్చాడు. ఒకటి నల్లదాని అచ్చుల మధ్య పెట్టి పిడి మెల్లిగా నొక్కాను. తీసి చూస్తే గుర్తు సగమే పడింది, నెలవంకలాగా, ఒక పక్క ఆకు తెగిపోయింది, రెండో పక్క గీత కూడా లేదు. పాతబడి అరిగిన ప్రెస్సు, పై అచ్చు ఒక పక్కకు ఒరిగి దిగుతోంది. రెండో ఆకు పచ్చదానిలో పెట్టి నొక్కాను. చేతి గాజు పెట్టి గీసినట్టు నిండు చుట్టు పడింది.

నాయన రెండు ఆకులూ తీసుకుని వాకిలి దగ్గరికి వెళ్ళి వెలుతురుకు పట్టి చూశాడు. ఎంతసేపు చూశాడో! ఆకు చూడటానికి అంతసేపు అక్కర్లేదు. తర్వాత ఆయన చూపు ఆకుల మీది నుంచి నా మీదికి వచ్చింది. నేను తల దించుకున్నాను. దించుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ తల దించుకోవడంతోనే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"పచ్చది కట్టప్పా," అన్నాడు అంగడాయనతో.

తిరుగు ప్రయాణంలో పచ్చ ప్రెస్సు మా ఇద్దరి కాళ్ళ మధ్య గోనెసంచిలో కూర్చుంది.

మర్నాడు పని బల్లకు చిల్లులు వేసి, ప్రెస్సును నాలుగు బోల్టులతో కదలకుండా బిగించి, నాయన మళ్ళీ కొత్త పట్టీలు కోశాడు. మొదటి బటన్ బిగించాడు. పట్టీని అలవాటు కొద్దీ కుడి చెవి దగ్గరికి ఎత్తి, సగంలో ఆగిపోయాడు. ఆగి, చేయి చాపి, దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు.

"నువ్వు వినుమే," అన్నాడు.

అంతే అన్నది. అప్పుడూ అంతే, ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ అంతే, తనకు వినపడటం లేదన్న మాట ఆయన నోటి వెంట రాలేదు, నేనూ ఎత్తలేదు. మొదటిది పలికింది నాయనా అన్నాను. రెండోది విన్నాక దగ్గింది నాయనా అన్నాను. జీవితంలో ఆయన బిగించిన బటన్‌ను కాదనడం అదే మొదటిసారి. ఆయన పట్టకారు తీసుకుని దాన్ని పీకి పారేసి, తోలు అంచు కాస్త పలచగా గీరి, ఇంకొకటి బిగించి మళ్ళీ నా చెవి దగ్గర పెట్టాడు. నాలుగు బటన్లు కుదిరేసరికి మూడింటిని వద్దన్నాను. చెల్లెలు గడపకు ఆనుకుని నిలబడి అంతా చూస్తూనే ఉంది. అమ్మేమో నాయన నాకు పని నేర్పుతున్నాడనుకుంది. చెల్లెలు అట్లా అనుకోలేదని దాని కళ్ళు చూస్తేనే తెలిసింది, కానీ ఎప్పుడూ దురుసుగా ఏదో ఒకటి అనే ఆ నోరు ఆ రోజు తెరుచుకోలేదు. సోమవారం దాకా రోజూ అది ఒక్క చేత్తో పట్టీలు వేసుకోవడం, ఇల్లంతా తిరగడం, విప్పడం, మళ్ళీ వేసుకోవడం. ఇంట్లో ఎక్కడ చూసినా టిచ్ టిచ్.

ఆ సోమవారం బడి వరండాలో బెంచీ మీద నేనూ నాయనా కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉంది గానీ మేం కూర్చున్న చోటికి గోడ తప్ప ఏమీ కనపడదు. లోపల ముందు హెడ్‌మిస్ట్రెస్ పిల్లలతో మాట్లాడుతూ, చెల్లెల్ని కుర్చీలో కూర్చోమంది. కూర్చోవాలంటే మోకాలి పట్టీ, దాని పైది, రెండూ విప్పాలి, లేచేముందు మళ్ళీ రెండూ వేసుకోవాలి. ఇక మీరు మొదలుపెట్టండమ్మా అన్న మాట వినపడింది. నాయన కిటికీ వైపు చూడటం లేదు, గోడ వైపు చూడటం లేదు, నా మొహం వైపే చూస్తున్నాడు. ఆయనకు అక్కడ జరుగుతున్నది తెలిసే దారి నా మొహం ఒక్కటే.

టిచ్.

నేను తల ఊపాను. రెండోదాని కోసం చూశాను. రాలేదు. కుర్చీ జరిగిన శబ్దం వచ్చింది, రెండో టిచ్ మాత్రం రాలేదు. నా మొహంలో ఏం కనపడిందో, నాయన నా మణికట్టు పట్టుకున్నాడు, ఎముక విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా. లోపల అడుగు, ఇనప కడ్డీ చప్పుడు, మళ్ళీ అడుగు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూ నేను కళ్ళు మూసేసుకున్నాను. పడిన చప్పుడు రాలేదు. బోర్డు మీద సుద్దముక్క గీసిన శబ్దం వచ్చింది, పిల్లలంతా ఒక్కసారిగా ఏదో చదివిన శబ్దం వచ్చింది. నలభై నిమిషాలూ నాయన నా చేయి వదల్లేదు. గంట కొట్టాక చెల్లెలు తన కాళ్ళ మీద తానే నడుచుకుంటూ బయటికొచ్చింది, సుద్దపొడి మొహాన కూడా ఉంది. రెండో బటన్ ఏమైందే అని నేను దాని మీద పడ్డాను.

"మెల్లింగా వేసినాలే అక్కా, పిల్లోళ్ళు నవ్వుతారని," అంది.

ఆ మాట నేను నాయన ఎదుట నిలబడి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెబితే ఆయన ముందు నవ్వాడు, తర్వాత తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ బడిలోనే చెల్లెలు రిటైరయ్యేదాకా పనిచేసింది, ఆ పట్టీలు ఇంకెవరూ కట్టకుండానే.

ఇప్పుడది తిరుచానూరులో ఉంటోంది. దాని కట్టు ప్లాస్టిక్‌ది, తేలిక. పట్టీలు చర్రుమని లాగితే ఊడొచ్చే రకం, వాటికి బటన్లూ లేవు, పలకడమూ దగ్గడమూ లేదు. కండక్టర్ల చేతిలో చిన్న మిషన్లు వచ్చాయి, సంచులు పోయాయి. నాయన పోయాక పచ్చ ప్రెస్సును గొడుగులు బాగుచేసే ఒకతనికి ఇచ్చేశాం. దానితో పనున్నవాళ్ళు మా ఇంట్లో మళ్ళీ పుడతారని ఎవరనుకున్నారు? వస్తువు కొనడం కూడా ఎంత మారిందో చూడండి, ఎక్కడో ఉన్న పదిమంది బాగుందంటే బాగున్నట్టు. ఫోనులో ఉన్న ప్రెస్సు మధ్యన ఆకు పెట్టి చూడలేం, బటన్‌ను మన చెవికి ఆనించుకోలేం. ఆ రోజు ఫోను ముందు నేను తల ఊపింది అబద్ధం. నాకేమీ వినపడలేదు. రెండేళ్ళుగా నాకు చిన్న శబ్దాలేవీ వినపడటం లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాయన ఎందుకు చెప్పలేదా అని ఆంబూరు అంగడిలో కోపం తెచ్చుకున్న మనిషినే నేను, చూశారా!

నిన్న ప్రెస్సు వచ్చింది. నేను చెప్పినట్టే మనవరాలు ముందు తమలపాకు పెట్టి నొక్కింది. నిండు చుట్టు పడితే అదేదో వింతలాగా ఫోటో కూడా తీసుకుంది. తర్వాత తోలు ముక్కకు మొదటి బటన్ బిగించి, నా చెవి దగ్గర పెట్టి మూసింది. మూసుకోవడం కళ్ళతో చూశాను. పలికిందా అవ్వా అని అడిగింది. తల ఊపబోయాను. ఊపితే ఆ పిల్ల నమ్ముతుంది, నేను నాయనను నమ్మినట్టే.

తోలు ముక్క తీసుకుని ఆ పిల్ల చెవి దగ్గర పెట్టాను. నువ్వు వినుమే అన్నాను. ఒక్క క్షణం నా వైపు తేరిపార చూసింది, ఏదో అడగబోయి మానుకుంది. ఎవరూ నేర్పకుండానే కళ్ళు మూసుకుంది. నేను తెరిచి మూశాను, ఆ పిల్ల మొహం వైపే చూస్తూ.